పోస్టుమాస్టరు రాసిన వెల్

బూదిగుట్టలో సోమశేఖర్ అంగడి ముందుగదికి రెండు ముఖాలుండేవి. ఎడమచేతి వైపు కందిపప్పు, చింతపండు, బెల్లం. కుడిచేతి వైపు తపాలా సంచి, ముద్ర, లక్క. పొద్దున బేరాలు చూసుకుని, మడకశిర బస్సు సంచి దించి వెళ్లాక చేతులు కడుక్కుని కుడివైపుకు జరిగి కూర్చునేవాడు. ఆ జరగడంలోనే శెట్టి కాస్తా పోస్టుమాస్టరు అయ్యేవాడు. ఊళ్లోవాళ్లు మాత్రం ఎటువైపు కూర్చున్నా శెట్టీ అనే పిలిచేవారు.

హిందూపురంలో బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా నాయన పోయాడు. అంగడి తలుపు తీయడానికి వచ్చినవాడు మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు. చదువు ఆగింది గానీ ఇంగ్లీషు మీది మోహం ఆగలేదు. పొట్లాలు కట్టడానికి వచ్చే పాత ఇంగ్లీషు పత్రికలను ముందు చదివేవాడు, ఆ తర్వాతే చింపేవాడు. ఒక మాట నచ్చితే రోజంతా వక్కలా బుగ్గన పెట్టుకుని నానబెట్టేవాడు. ఇరవై ఐదేళ్లుగా ఊరి అర్జీలన్నీ అతని చేతిరాతే. రోడ్డు కోసం, కరెంటు కోసం, పెన్షన్ల కోసం. కొన్నిటికి జవాబు వచ్చేది. రానివాటికి కారణం తన ఇంగ్లీషేనేమో అని అతనికి లోపల ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటూ ఉండేది.

రెండువేల రెండులో వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. వేసిన వేరుశనగ మట్టిలోనే వేగిపోయింది. ఊరి నడుమ రాతికట్టు బావిలోకి తొంగి చూస్తే ఆకాశం కనిపించాల్సిన చోట నెర్రెలు కనిపించేవి. మిగిలింది సర్కారు బోరు ఒక్కటే. దాని చేతిపంపు కొట్టీ కొట్టీ ఆడవాళ్ల అరచేతులు కాయలు కాచాయి. బిందె నిండేలోపు నీడ ఒక జానెడు జరిగేది.

అలాంటి రోజుల్లో, మిరపకాయల పొట్లం కట్టబోతూ ఒక కాగితం మీద అతని చూపు ఆగింది. కొరియా దేశపు సేవాసంఘం ఒకటి బెంగళూరులో ఆఫీసు తెరిచిందట. కరువు ఊళ్లు ఇంగ్లీషులో రాసుకుంటే సాయం చేస్తుందట. ఆ కాగితాన్ని మిరపకాయలకు ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకుని రంగన్న ఇంటికి వెళ్లాడు.

రంగన్నది ఊళ్లో పెద్ద కాపు కుటుంబం. ముప్పై ఎకరాల మెట్ట. ఆయన మాట అయితేనే ఊరి మాట. అరుగు మీద నలుగురూ చేరారు. గొర్రెలు కాసే నల్లప్ప కర్రకు గడ్డం ఆనించి ఒక పక్కన నిలబడ్డాడు.

"ఎండిపోయిందని రాయొద్దు శెట్టీ," అన్నాడు రంగన్న. "ఎండిందంటే సచ్చిన గొడ్డు మాదిరి. దానికెవురొస్తారు? బాగలేదని రాయి. బాగలేదంటే బాగు చేసేకి వస్తారు."

"బాయి బాగలేదని రాయమంటావా అన్నా?"

"ఆ. అట్లే రాయి. గట్టిగా రాయి."

"గట్టిగా రాస్తే కాయితం చినిగిపోతాది రంగన్నా," అన్నాడు నల్లప్ప. అందరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నం సోమశేఖర్ కుడివైపు కూర్చుని రాశాడు. రాస్తూ రాస్తూ అతనికి ఒళ్లు పులకరించింది. బావి, బాగు. తెలుగులో రెండు మాటలకూ నడుమ ఒక్క అక్షరమే తేడా. ఇంగ్లీషులో ఆ తేడా కూడా లేదు. బావీ వెల్లే, బాగూ వెల్లే. బాగును బావిలో దాచుకున్న భాష ఎంత దయగలదో అనుకున్నాడు. రంగన్న చెప్పిన మాటను ఒక్క గింజ రాలకుండా దించాడు: ఇన్ అవర్ విలేజ్ వెల్ ఈజ్ నాట్ వెల్. పీపుల్ ఆర్ డిపెండింగ్ ఆన్ వెల్ ఓన్లీ. కైండ్లీ మేక్ వెల్. మా ఊళ్లో బావి బాగలేదు, జనం బావి మీదే ఆధారపడి ఉన్నారు, దయచేసి బాగు చేయండి అని. ముద్ర వేసే ముందు ఆ మూడు వాక్యాలను పైకి చదువుకున్నాడు. పద్యంలా వినిపించాయి.

సంక్రాంతి దాటిన వారానికి జవాబు వచ్చింది. మీ బాధ చదివి చలించామనీ, ఫిబ్రవరిలో తమ బృందం అన్ని పరికరాలతో వస్తుందనీ దాని సారాంశం. సోమశేఖర్ దాన్ని రచ్చకట్ట దగ్గర నిలబడి చదివాడు. "సామాన్లతో వస్తాండారు," అన్నాడు. సామాన్లంటే బోరు లారీయే అనుకుంది ఊరు. నీళ్లు చూసేవాడు వచ్చి, అరచేతిలో టెంకాయ నిలబెట్టుకుని ఊరంతా తిరిగి, ఒకచోట రాయి పాతి పసుపు పూశాడు. బోరు లారీ తిరగడానికి కంపచెట్లు కొట్టి దారి చేశారు.

వచ్చింది తెల్లటి వ్యాను. అందులోంచి అరవై దాటిన డాక్టరు ఒకాయన, ఇద్దరు నర్సులు, మాత్రల పెట్టెలు, తూకం యంత్రం దిగాయి. చివరగా జుట్టు బిగించి కట్టుకున్న ఒక అమ్మాయి దిగింది. పేరు సుజిన్. డాక్టరు పార్క్ గారి కొరియా మాటను ఇంగ్లీషు చేయడం ఆమె పని. ఆ ఇంగ్లీషును తెలుగు చేయడం సోమశేఖర్ పని.

ఊరు వ్యాను వెనక్కి చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"శెట్టీ, బోరు లారీ యాడ?"

"డాక్టరు మెడలో గొట్టం ఉండాది చూడప్పా. నేలమీద ఆనించి ఇంటాడేమో, యాడ జల ఉందో!"

నవ్వులు లేచాయి. రంగన్న మాత్రం నవ్వలేదు. తల పంకించి, పై పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. సోమశేఖర్‌కు ఆ దులపడం చెంపదెబ్బలా తగిలింది.

పసుపు రాయిని చూశాక, ఊరు ఎదురుచూసింది నీళ్ల కోసమని సుజిన్‌కు అర్థమైంది. ఫైలు తీసుకుని పోస్టాఫీసు గట్టు మీదికి వచ్చి కూర్చుంది. అతని ఉత్తరం అందులో ఉంది. ప్రతి వెల్ కింద ఎర్రగీత, పైన చిన్న చిన్న ఇళ్లలాంటి కొరియా అక్షరాలు. బెంగళూరు ఆఫీసులో కూర్చుని ఆ ఉత్తరాన్ని కొరియా భాషలోకి మార్చి సియోల్‌కు పంపింది తనేనంది.

"మొదటి వెల్‌ను నేను లెక్కలోకే తీసుకోలేదు సర్. ఇంగ్లీషువాళ్లు మాట తోచనప్పుడు వెల్ అని నసుగుతారు కదా, అదనుకున్నాను. మేం కుల్స్సె అంటాం. మీరు చెప్పడానికి మొహమాటపడుతున్నారని అనుకున్నాను."

"రెండోది?"

"రెండోది ఒంటికి సంబంధించింది. ఒంట్లో బాగలేదని. చివరిది నయం చేయమని. నడుమ వాక్యమే కష్టమైంది. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మీదే ఊరంతా ఆధారపడి బతుకుతోందని రాశాను." ఆమె తలెత్తలేదు. "అది రాస్తూ ఏడ్చాను కూడా."

సోమశేఖర్ చాలాసేపు ఆ ఎర్రగీతలనే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "వెల్ ముందర ఆ ‘ది’ అనే ముక్క పెట్టి ఉంటే తెలిసేదా అమ్మా?"

"తెలిసేది. కానీ అది లేకపోవడం నాకు వింతగా అనిపించలేదు. మా భాషలో కూడా ఆ ముక్క లేదు."

ఎక్కడి బూదిగుట్ట, ఎక్కడి సియోల్! ‘ది’ అంటే ఏమిటో తెలియని రెండు భాషలు మూడో భాష వంతెన మీద ఎదురెదురుగా నడిచి వచ్చి, ఒకే కన్నంలో కాలు పెట్టాయి. అతనికి నవ్వు రావాలి. రాలేదు.

మనియార్డరు ఫారం వెనక ఆమె చెబుతుంటే అతను తెలుగులో రాసుకున్నాడు. నీళ్ల బావికి ఉముల్. ఒంటి బాగుకు కన్‌గాంగ్. నసగడానికి కుల్స్సె. బాగా పాడింది, బాగా నిద్రపోయాడు అనే చోట జల్. అక్కడ కలం ఆగింది.

"జల్ అంటే మీకు బాగా అనా? మాకు జలమంటే నీళ్లు."

సుజిన్ ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది. ఎదురుగా చేతిపంపు కీచుకీచుమంటోంది.

వచ్చిన దారిన వెళ్లిపోకుండా డాక్టరు రెండు రోజులు ఊరిని పరీక్షించాడు. పిల్లల నోళ్లు తెరిచి చూశాడు. పళ్లమీద అడ్డంగా గోధుమరంగు చారలు. సోమశేఖర్ భార్య నాగరత్నమ్మను గడ్డం ఎదకు ఆనించమన్నాడు. ఆమెకు చేతకాలేదు. నేలమీద కూర్చుని ఆరేళ్లయిందని, పీట మీద కూర్చునే వంట చేస్తానని చెప్పింది. నల్లప్ప పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. డాక్టరు మొహంలో నెత్తురు తగ్గుతూ వచ్చింది. "తాగే నీళ్లు తెప్పించండి. ఊళ్లో ఎన్నిచోట్ల తాగుతారో అన్నిచోట్లవీ," అన్నాడు.

గాజు గొట్టాల్లో నీళ్లు పోసి ఎర్రటి మందు చుక్కలు వేశాడు. నీళ్లు గులాబీ రంగులోనే ఉంటే మంచివి, పసుపుకు తిరిగితే చెడ్డవి. బోరు నీళ్లు చూస్తుండగానే ఆవపువ్వు రంగుకు తిరిగాయి. నల్లప్ప ఒక సీసా తెచ్చాడు. ఊరికి మైలున్నర దూరంలో వంక ఇసుకలో చెలమ తవ్వుకుని గొర్రెలకు పెడతాడు, ఆ నీళ్లు. అవి గులాబీ రంగులోనే నిలిచాయి.

"పాత ఇంగ్లీషులో ఇలాంటి ఊటను కూడా వెల్ అనేవారట సర్," అంది సుజిన్. "మేం సెమ్ అంటాం." అతను దాన్ని కూడా ఫారం మీద రాసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం బడి వరండాలో ఊరంతా చేరింది. రంగన్న కూడా వచ్చాడు. డాక్టరు లేచి కొరియా భాషలో మాట్లాడాడు. సుజిన్ సోమశేఖర్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. తప్పు మాది. మా సంఘంతో ఫోనులో మాట్లాడాం, బోరు లారీని పంపడానికి ఒప్పుకున్నారు. మీరు అడిగింది మీకు దక్కుతుంది. కానీ డాక్టరుగా ఒక మాట చెప్పాలి. ఇక్కడి లోతు నీళ్లలో ఫ్లోరైడ్ అనే ఉప్పు ఉంది. ఇంకా లోతుకు వెళ్తే ఇంకా ఎక్కువగా ఉండే అవకాశమే ఉంది. ఈ నీళ్లే మీ పళ్లను, కీళ్లను తింటున్నాయి. బోరు నీళ్లను పొలానికి, గొడ్లకు, స్నానానికి వాడుకోండి. తాగడానికి, వంటకు మాత్రం ఆ చెలమ నీళ్లు తెచ్చుకోండి. ముఖ్యంగా పసిపిల్లలకు.

ఆమె ఆగింది. రెండువందల కళ్లు సోమశేఖర్ నోటి మీద వాలాయి.

మొదటి సగం చెబితే చాలు. బోరు వస్తుంది. పై పంచె దులుపుకుని పోయిన రంగన్న భుజం మీద చెయ్యి వేస్తాడు. మూడు రోజులుగా గుచ్చుతున్న ఎగతాళి ఒక్క మాటతో చల్లారిపోతుంది. రెండో సగం మింగేస్తే ఎవరికి తెలుస్తుంది? సుజిన్‌కు తెలుగు రాదు. ఊరికి ఇంగ్లీషు రాదు. రెండు తెలిసినవాడు తనొక్కడే. ఆడవాళ్ల వరసలో బెంచీ మీద, మోకాళ్లు వంగక కాళ్లు చాచి కూర్చున్న నాగరత్నమ్మ కనిపించింది.

"వెల్..." అన్నాడు, తనకు తెలియకుండానే ఇంగ్లీషులో.

సుజిన్ వంగి చెవిలో అడిగింది. "ఇది ఏ వెల్ సర్?"

"నసిగేది," అన్నాడు. గొంతు సవరించుకుని మొత్తం చెప్పాడు. మొదటి సగమూ, రెండో సగమూ.

రంగన్న లేచాడు.

"ఆ యమ్మ చెప్పింది ఇదేనా శెట్టీ, లేకుంటే మళ్లా నీ ఇంగ్లీషా?"

"ఇదే అన్నా."

"పోయినతూరి గూడా ఇట్లే అన్నావు. బోరు రాయమంటే మాత్తర్లు తెప్పించినావు. ఇప్పుడు బోరిస్తామని వాళ్లంటే తాగొద్దంటావు. నీళ్లు లేక సస్తాండామని మేమంటే, నీళ్లు తాగి సస్తాండారని నువ్వంటావు. ఏమప్పా, ఎవురికన్నా అర్థమయితాందా?"

"గొర్లు మూతిపెట్టే నీళ్లు మా పిల్లోల్లకు పోయమంటాడు!" అంది ఒకామె.

"నమ్మకపోతే ఆ యమ్మనే అడగండి," అన్నాడు సోమశేఖర్.

"అడిగేకి గూడా నువ్వే గదప్పా నోరు?"

అందరూ పకపకా నవ్వారు. సుజిన్‌కు విషయం అర్థమై, లేచి ఇంగ్లీషులో గట్టిగా అదే చెప్పింది. చేతులతో చూపించింది. ఆమె ఏం చెప్పినా ఊరి చెవికి చేరాలంటే అతని నోటిలోంచే రావాలి. ఆ నోటి మీదే నమ్మకం పోయింది. డాక్టరు అటూ ఇటూ చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు.

ఏప్రిల్‌లో బోరు లారీ వచ్చింది. ఆరువందల ఇరవై అడుగుల దగ్గర నీళ్లు ఎగజిమ్మాయి. జనం తడిసి గంతులేశారు. సోమశేఖర్ కూడా టెంకాయ కొట్టాడు. పొలానికైనా పనికొస్తాయి కదా అనుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని వంక దారి పట్టాడు. చెలమ చిన్నది. ముంతతో తోడితే ఆగి ఆగి ఊరేది. రెండు బిందెలు నిండేసరికి ఎండ వీపున కాల్చేది. వారం తిరిగేలోపు అతనికి కొత్త పేరు వచ్చింది: గొర్ల శెట్టి. "ఈ పొద్దు గొర్లు మిగిల్చినాయా శెట్టీ?" అని బస్సులోంచి కేకలేసేవారు. అతను చెయ్యి ఊపేవాడు. పోస్టాఫీసు గట్టు మీద ఒక కుండ పెట్టి, ఉత్తరాలకు వచ్చినవాళ్లకు ఆ నీళ్లే ఇచ్చేవాడు. సగంమంది వద్దనేవారు. నల్లప్ప ఒక్కడే మారుమాట లేకుండా అతని వెంట నడిచాడు. "నా మెడ యెట్లా తిరగదు. మా మనవరాలిదన్నా తిరగనీ," అన్నాడు. అప్పటికి ఆ పిల్ల నాగలక్ష్మికి ఏడాది నిండలేదు.

అలా ఆరేళ్లు. ఎండాకాలంలో చెలమ దిగిపోతే ఇంకో మూరెడు తవ్వేవాడు. వంక పారిన ఏడు పూడిపోతే మరోచోట తవ్వేవాడు. నాగరత్నమ్మ మోకాళ్లు వంగలేదు గానీ, నొప్పి ఉన్నచోటే ఆగిపోయింది. ఊళ్లోవాళ్లకు మళ్లీ చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాడు. వాళ్ల కళ్లల్లో ఆ వరండా నవ్వు కనిపించి మూసుకునేవాడు. అర్జీలు రాయమని అడగడం కూడా తగ్గిపోయింది. మడకశిరలో టైపు చేయించుకునేవారు. అతని కలం ముద్ర పక్కన ఊరికే పడి ఉండేది. ఏడాదికొకసారి సుజిన్ నుంచి కార్డు వచ్చేది. పిల్లల పళ్లెలా ఉన్నాయని అడిగేది. ఏం రాయాలో తెలియక రెండు కార్డులకు జవాబే రాయలేదు.

రెండువేల తొమ్మిది వేసవిలో రంగన్న తపాలా సంచి కోసం ఎదురుచూస్తూ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ఇప్పుడు చేతికర్ర పట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు బెల్లంముక్కకని వచ్చారు. ఒకతె ఆయన మనవరాలు ప్రశాంతి, ఇంకొకతె నల్లప్ప మనవరాలు నాగలక్ష్మి. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే తరగతి. ఇద్దరికీ పాలపళ్లు ఊడి ముందుపళ్లు కొత్తగా దిగాయి. దేనికో ఒకరినొకరు తోసుకుని నోరారా నవ్వారు.

రంగన్న ఆ రెండు నోళ్లనూ చూశాడు. "ఇట్లరాండి," అని ఇద్దరినీ దగ్గరికి పిలిచి, గడ్డాలు పట్టుకుని ఎండలోకి తిప్పాడు. ఒక నోట్లో జొన్నగింజల్లాంటి తెల్లటి పళ్లు. ఇంకో నోట్లో అప్పుడే మొలిచిన పళ్లమీద అప్పుడే పడిన చారలు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ప్రశాంతి నవ్వడం ఆపేసి, "యేమి తాతా?" అంది. ఆయన ఆ గడ్డాలు వదిలేశాడు. సంచి వచ్చినా ఉత్తరం సంగతి అడగకుండానే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున సోమశేఖర్ చెలమ దగ్గరికి వెళ్లేసరికి ఇసుకలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చంకలో ఇత్తడి బిందె. మైలున్నర కర్ర ఊతంతో నడిచొచ్చినట్టు ఒళ్లంతా దుమ్ము.

"పిల్లోల్లను పంపించింటే సరిపోయేది గదన్నా," అన్నాడు సోమశేఖర్.

"నేనే రావల్ల." రంగన్న చూపు చెలమలో ఉంది. "శెట్టీ, ఆ పొద్దు ఆ యమ్మ నిజంగా అట్లే చెప్పిందా?"

"అట్లే చెప్పిందన్నా."

"నువ్వు ఒక్క మాట గూడా కలపలేదా?"

"కలపలేదు." సోమశేఖర్ ఇసుకలో మోకాళ్లమీద కూర్చున్నాడు. "కొన్ని తీసేద్దామని మాత్రం చూసినా."

రంగన్న వంగబోయాడు, నడుం వంగలేదు. ఒక చేత్తో కర్ర ఊని, ఇంకో చేత్తో బిందెను ముందుకు చాచాడు. సోమశేఖర్ అందుకుని ఇసుకలో కుదురుగా నిలబెట్టాడు. అంతకుముందే గొర్రెలు తాగి వెళ్లినట్టున్నాయి, చెలమ కలకబారి ఉంది. నీళ్లు తేరుకునేదాకా ఇద్దరూ ఆగారు. తర్వాత అతను మొదటి ముంత తోడి రంగన్న బిందెలో పోశాడు.